వాము వాసనలోనే మందు.. వాసనలోనే ధర

పొద్దున ఆరింటికి చేలో దిగి, నడుం వంచి కలుపు తీసి, పొద్దుగూకి ఇల్లు చేరిన మనిషికి ముందు గుర్తుకొచ్చేది అన్నం కాదు, నడుమే. ‘అమ్మా, ఇంత వాము వేయించి మూట గట్టియ్యి’ అనే మాట ఉమ్మడి కర్నూలు జిల్లా పల్లెల్లో తరాలుగా వినిపిస్తున్నదే. ఇప్పుడా మాట తగ్గింది. దాని బదులు ‘అంగట్లో ఒక నొప్పిబిళ్ళ తీసుకురా పో’ అంటున్నారు. పరగడుపున ఒకటి, పని మధ్యలో ఒకటి, పడుకోబోయే ముందు ఇంకొకటి. కొన్ని ఇళ్ళలో ఇది రోజువారీ అలవాటైంది.

నొప్పిబిళ్ళ చెడ్డదని కాదు. అవసరానికి, డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే మంచి మందే. అయితే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్ళలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి. మూత్రపిండాలకు రక్తం సరిగా అందదు. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగని మనిషికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. బీపీ, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. పైపై నొప్పికి బిళ్ళ దాకా పోకుండా సర్దుకునే దారి ఉంటే అది చిన్న రైతుకు డబ్బు ఆదా, ఒంటికి మేలు.

ఆ దారుల్లో ఒకటి మన చేలోనే పండుతోంది. వాము గింజలో ఉన్న నూనెకు నొప్పిని కాసేపు మొద్దుబార్చే గుణం నిజంగానే ఉంది. అయితే అది ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్నది తెలిసి వాడాలి. ఇంకో సంగతి. నొప్పి తగ్గించే నూనె ఏదో, మార్కెట్లో వాముకు విలువ తెచ్చేదీ ఆ నూనే. కోతలో, కల్లంలో, నిల్వలో అది ఎగిరిపోతే మందూ పోతుంది, ధరా పోతుంది.

గింజలో ఏముంది?

వాము, ధనియాలు, జీలకర్ర, సోంపు ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. గొడుగులా విచ్చుకునే పూగుత్తి చూస్తేనే ఆ చుట్టరికం తెలుస్తుంది. వాము గింజ బరువులో సుమారు 2 నుంచి 4 శాతం దాకా ఆవిరయ్యే నూనె ఉంటుంది. అంటే క్వింటా గింజలో 2 నుంచి 4 కిలోల నూనె. ఇది వేరుశెనగ నూనె, నువ్వుల నూనె లాంటిది కాదు. గుడ్డ మీద వేస్తే మరక మిగలకుండా ఎగిరిపోయే రకం. ఘాటంతా దీనిదే.

ఈ నూనెలో ముఖ్యమైన పదార్థం థైమాల్. రకాన్ని బట్టి, నేలను బట్టి నూనెలో ఇది 35 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. పచారీ కొట్లలో, మూలికల అంగళ్ళలో ‘వాము పువ్వు’ పేరుతో తెల్లటి పలుకులు అమ్ముతారు. అది పువ్వు కాదు, థైమాలే. అలాగే ‘పుదీనా పువ్వు’ అంటే మెంథాల్. వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం మూడూ గట్టి పదార్థాలే. మూడింటినీ ఒక సీసాలో వేసి ఉంచితే కాసేపటికి వాటంతటవే కరిగి నీళ్ళలా అవుతాయి. పాతకాలం ఇళ్ళలో ‘అమృతధార’ అని దాచుకున్నది ఈ కలయికనే.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఇంటి ముందు కుండీలో పెంచుకుని బజ్జీలు వేసుకునే దళసరి ఆకుల ‘వామాకు’ మన పొలంలో పండే వాము మొక్క ఆకు కాదు. అది తులసి, పుదీనాల కుటుంబానికి చెందిన వేరే మొక్క. దాన్లోనూ ఇలాంటి ఘాటు నూనే ఉండటం వల్ల వాసన కలుస్తుంది, పేరూ కలిసింది.

నొప్పి మీద ఎలా పనిచేస్తుంది?

మోచేయి తలుపుకు తగిలితే వెంటనే అక్కడ రుద్దుకుంటాం. రుద్దితే నొప్పి తగ్గినట్టుంటుంది. ఎందుకంటే దెబ్బ కబురూ, రుద్దిన స్పర్శ కబురూ నరాల గుండానే వెన్నుపాముకు చేరతాయి. స్పర్శ కబురు ఎక్కువైతే వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకు దారి ఇరుకవుతుంది. ఈ సంగతిని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో వివరించారు. బామ్ రాసి మర్దన చేసినప్పుడు కలిగే హాయిలో కొంత వాటా ఈ మర్దనదే.

మిగతా వాటా నూనెది. నరాల కొసల్లో వేడిని, చలిని, మంటను పసిగట్టే చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. పుదీనా పువ్వులోని మెంథాల్ చలిని పసిగట్టే ద్వారాన్ని తడుతుంది. అక్కడ నిజంగా చలి లేకపోయినా చల్లగా ఉందన్న కబురు మెదడుకు చేరుతుంది. ఆ చల్లదనం నొప్పిని వెనక్కి నెడుతుంది. మిరపకాయలోని కారం వేడిని పసిగట్టే ద్వారాన్ని తడుతుంది. ఆ కారం ద్వారాన్ని 1997లో, మెంథాల్ ద్వారాన్ని 2002లో గుర్తించారు. ఈ పరిశోధనలకు గాను డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూషియన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మన వంటింట్లోని మిరప, పుదీనాల ఘాటే ఆ పరిశోధనకు పనిముట్టు అయింది.

వాములోని థైమాల్, లవంగంలోని యూజెనాల్ ఇంకో రకంగా కూడా పనిచేస్తాయి. నరం వెంట కబురు పోవడమంటే తీగలో కరెంటు పోవడం లాంటిది. ఆ కరెంటు పోవడానికి నరంలో సోడియం దారులు తెరుచుకోవాలి. థైమాల్, యూజెనాల్ ఆ దారులను కాసేపు అడ్డుకుంటాయి. కబురు బలహీనపడుతుంది, చోటు తిమ్మిరెక్కుతుంది. పళ్ళ డాక్టర్లు వాడే సిమెంటు మందులో యూజెనాల్ ఉండటానికి ఇదొక కారణం. పంటి కింద లవంగం పెట్టుకోమని పెద్దవాళ్ళు చెప్పే మాటలో నిజం ఉందన్నమాట.

అడ్డుకోవడం కాసేపే అన్నది గుర్తుంచుకోవాలి. నూనె ఎగిరిపోయాక నరం మళ్ళీ మామూలవుతుంది. నొప్పికి అసలు కారణం అలాగే ఉంటే నొప్పి తిరిగి వస్తుంది. కరెంటు ఫ్యూజు తీస్తే బల్బు ఆరుతుంది గానీ తీగలో లోపం పోదు కదా!

బామ్ సీసాల్లోనూ ఈ వాసనలే

ఈ నూనెలను మందుగా మలచి అమ్మడంలో తెలుగువారి చెయ్యి ముందునుంచీ ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆ వ్యాపారం తెచ్చిన డబ్బుతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. హైదరాబాద్‌లో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్‌లో నీలగిరి నూనె, కర్పూరం, మెంథాల్‌తో పాటు వాము పువ్వు కూడా ఉంటుంది. అంటే మనం పది రూపాయల చిన్న డబ్బా కొన్నా, పొలంలో పండిన వాము నలిపినా వెతుకుతున్నది ఒక్క కుటుంబపు వాసనలనే.

ఎంతవరకు నమ్మొచ్చు?

అమ్మమ్మ చెప్పిందని గుడ్డిగా నమ్మనక్కరలేదు, పాతకాలపు మాటని తోసెయ్యనూ అక్కరలేదు. పరీక్షించి చూసిన వాళ్ళు ఉన్నారు.

* జర్మనీలో ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పి ఉన్నవారి నుదుటికి, కణతలకు 10 శాతం పిప్పర్‌మెంట్ నూనె రాసి చూశారు. 1996లో వచ్చిన ఆ ఫలితాల్లో, 1,000 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్ళ ఇచ్చిన ఉపశమనానికి అది దరిదాపుగా సరితూగింది.

* కువైట్‌లో 2006లో వచ్చిన పరీక్షలో, చిగురుకు సూది గుచ్చే ముందు రాసే తిమ్మిరి మందుతో లవంగం జెల్‌ను పోల్చారు. రెండూ ఒకేలా పనిచేశాయి.

* వాముపై ఇరాన్‌లో పరీక్షలు జరిగాయి. 2007లో ఎలుకల మీద జరిపిన పరీక్షలో వాము సారం నొప్పిని తగ్గించింది. తర్వాత నరాల జబ్బుతో అరికాళ్ళు మండేవారికి వాము క్రీము రాస్తే, మందు లేని క్రీము రాసిన వారికంటే ఎక్కువ ఉపశమనం కనిపించింది.

ఇవన్నీ కొద్దిమంది మీద చేసిన చిన్న పరీక్షలు. లవంగం, మెంథాల్‌తో పోలిస్తే వాముపై మనుషుల మీద చేసిన పరీక్షలు తక్కువ. అందువల్ల వాము నూనె ‘కీళ్ళవాతం నయం చేస్తుంది’, ‘అరిగిన మోకాలు తిరిగి పెరుగుతుంది’ అని సంతలో మైకు పెట్టి అమ్మేవాళ్ళ మాట నమ్మొద్దు. పట్టేసిన కండరానికి, అలసిన నడుముకు, జలుబు తలనొప్పికి, గ్యాసుతో వచ్చే కడుపునొప్పికి కాస్త ఉపశమనం ఇస్తుంది. అంతవరకే దాని పని.

పుదీనా గురించి కూడా ఒక మాట. పచ్చడి చేసుకునే మన పుదీనాలో మెంథాల్ బాగా తక్కువ. బామ్‌లోకి వెళ్ళే మెంథాల్ జపాన్ పుదీనా అనే వేరే రకం నుంచి వస్తుంది. దాన్ని ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ ప్రాంతపు రైతులు పెద్దఎత్తున పండిస్తున్నారు. పెరటి పుదీనా ఆకు నలిపి నుదుటికి పట్టిస్తే చల్లగా ఉంటుంది గానీ బామ్ అంత పని చేయదు.

ఇంట్లో చేసుకునే తైలం

దీనికి యంత్రం అక్కరలేదు. థైమాల్ నీళ్ళలో చాలా కొద్దిగా కరుగుతుంది, నూనెలో బాగా కరుగుతుంది. అందుకే వాము కషాయం పైపూతకు పెద్దగా పనికిరాదు, తైలం పనికొస్తుంది.

ఈ ఏడాది పండిన వాము 50 గ్రాములు తీసుకుని దంచాలి. మెత్తటి పొడి చేయనక్కరలేదు, గింజ పగిలితే చాలు. దాన్ని పావు లీటరు నువ్వుల నూనెలోగానీ కొబ్బరి నూనెలోగానీ వేయాలి. ఆ గిన్నెను పొయ్యి మీద నేరుగా పెట్టకుండా, మరుగుతున్న నీళ్ళ గిన్నెలో నిలపాలి. మూత పెట్టి 15-20 నిమిషాలు ఉంచాలి. దించి, మూత తీయకుండానే చల్లారనిచ్చి, గుడ్డలో వడగట్టి, రంగు సీసాలో పోసి బిరడా బిగించాలి.

చాలామంది చేసే తప్పు, వాము నల్లబడేదాకా నూనెలో కాచడం. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే మందు గాలిలోకి పోయిందని అర్థం. సీసాలో మిగిలేది ఉత్త నువ్వుల నూనే.

50 గ్రాముల వాములో ఉండే ఘాటు నూనె ఒకటి రెండు గ్రాములే. పావు లీటరులో కలిస్తే అది ఒక శాతం లోపే ఉంటుంది. చాలామంది చర్మం తట్టుకోగల పాలు ఇది. ఘాటు చాలలేదని వాము పువ్వు పలుకులు అందులో కలపొద్దు. నేరుగా తగిలితే వాము పువ్వు చర్మాన్ని కాలుస్తుంది.

కాపడం పెట్టుకునేవారు గుప్పెడు వామును పెనం మీద సన్నని సెగన వేడిచేసి, నూలుగుడ్డలో మూటకట్టి, ముందు ముంజేతికి ఆనించి వేడి చూసుకుని వాడాలి. కాళ్ళలో స్పర్శ తగ్గిన చక్కెర జబ్బు మనుషులకు కాపడం వద్దు. కాలినా వాళ్ళకు తెలియదు.

ఈ నొప్పులకు వాము వద్దు, ఆసుపత్రికే

తైలం రాసుకుంటూ ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వచ్చే నొప్పులు కొన్ని ఉన్నాయి.

* ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు. గ్యాసేలే అని వాము నమిలి పడుకోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

* కడుపు కుడివైపు కింది భాగంలో నొప్పి, వాంతులు, జ్వరం. ఇది అపెండిక్స్ కావచ్చు.

* నడుం నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కడం, కాలు ఈడ్చడం, మూత్రం బిగబట్టడం లేదా తెలియకుండా పడిపోవడం.

* కీలు వాచి, ఎర్రబడి, జ్వరం రావడం.

* పాముకాటు, తేలుకాటు. తైలం పూసి, కట్టు కట్టి పొద్దుపుచ్చొద్దు.

* పురుగుమందు కొట్టి వచ్చాక తలనొప్పి, కళ్ళు తిరగడం, చూపు మసకబారడం, నోట్లో చొంగ ఊరడం. ఇది అలసట తలనొప్పి కాదు, మందు ఒంటికెక్కడం. బట్టలు విప్పేసి, సబ్బుతో కడిగి, పురుగుమందు డబ్బా వెంట తీసుకుని ఆసుపత్రికి పోవాలి.

ఈ చివరి దాని విషయంలో ఇంకో మాట కూడా రైతులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మెంథాల్, నీలగిరి, థైమాల్ వంటివి చర్మం గుండా వేరే పదార్థాలు లోపలికి దిగడాన్ని తేలిక చేస్తాయి. ఆ గుణం వల్లనే వీటిని పూతమందుల్లో కలుపుతారు. అలాంటప్పుడు పొద్దున్నే నడుముకో మెడకో బామ్ పట్టించి, ఆ ఒంటితోనే మందు కొట్టడానికి పోతే ఏమవుతుంది? పురుగుమందుకు మనమే దారి చూపినట్టవుతుంది. మందు కొట్టే రోజు ముందుగా బామ్, తైలం రాసుకోవద్దు. పని ముగించి, సబ్బుతో శుభ్రంగా స్నానం చేశాకే రాసుకోవాలి.

పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త

ఘాటు నూనెలు చిన్న సీసాల్లో ఉంటాయి గనుక చిన్న మందులే అనుకుంటాం. కాదు. కర్పూరం ముక్క మింగిన పిల్లలకు ఫిట్స్ వస్తాయి. నీలగిరి నూనె కొద్దిగా తాగినా మగత కమ్ముతుంది. లవంగ నూనె తాగితే కాలేయం దెబ్బతింటుంది. సీసాలు పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. తాగితే బలవంతంగా కక్కించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండేళ్ళలోపు పిల్లల ముక్కుకు, ఛాతీకి బామ్ పూయొద్దు. ఊపిరి బిగుసుకునే ప్రమాదం ఉంది. కంటికి, పుండుకు, పగిలిన చర్మానికి ఏ తైలమూ తగలనీయొద్దు. బామ్ రాసిన చోట కాపడం పెట్టొద్దు, బొబ్బలెక్కుతాయి. కొత్తగా వాడేవాళ్ళు ముంజేతి మీద చుక్క రాసి, ఒకరోజు చూసి, దురద లేకపోతేనే వాడాలి. వంటలో వేసే వాము అందరికీ మంచిదే గానీ గర్భిణులు మందు మోతాదులో వాము, వాము పువ్వు తీసుకోకూడదు. రక్తం పలుచబడే బిళ్ళలు వాడేవాళ్ళు బామ్‌లు రోజూ రాసుకునే ముందు డాక్టరుకు చెప్పాలి.

చేలో నుంచి గోతం దాకా నూనె నిలవాలంటే

ఇంతసేపూ చెప్పుకున్న నూనెను కాపాడుకోవడం రైతు చేతిలో పని. వాము నల్లరేగడి నేలల్లో, ఆగస్టు-సెప్టెంబరులో విత్తి, నేలలో మిగిలిన పదునుతోనే గట్టెక్కించుకునే పంట. పెట్టుబడి తక్కువ కాబట్టే చిన్న రైతులు దీన్ని నమ్ముకుంటారు. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం నుంచి లాం సెలక్షన్-1, లాం సెలక్షన్-2 రకాలు వచ్చాయి. రాజస్థాన్‌లోని అజ్మీర్ సుగంధ విత్తన పంటల పరిశోధన కేంద్రం కూడా అజ్మీర్ అజ్వైన్-1, అజ్మీర్ అజ్వైన్-2 రకాలను విడుదల చేసింది. గింజ సన్నం గనుక ఇసుక కలిపి విత్తుకోవాలి, లోతుగా పడకూడదు.

కోత దగ్గర మొదలవుతుంది అసలు సంగతి. గుత్తులు గోధుమ రంగుకు తిరగగానే కోయాలి. పూర్తిగా ఎండేదాకా చేలో వదిలేస్తే గింజ రాలుతుంది, ఎండకు నూనె ఎగురుతుంది. పొద్దున మంచు పదును మీద కోస్తే రాలడం తగ్గుతుంది. కోసిన మొక్కల్ని మండుటెండలో రోజుల తరబడి పరచకుండా నీడపట్టున, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. తారు రోడ్డు మీద పోసి బండ్లతో తొక్కిస్తే పని తొందరగా అవుతుంది. అయితే రోడ్డు వేడికి నూనె పోతుంది, నలిగిన గింజ నుంచి ఇంకా పోతుంది. రాయీ రప్పా కలిసి ధర కూడా కోస్తారు. పట్టా పరిచి, కర్రతో మెల్లగా కొట్టి గింజ రాల్చుకోవడం మేలు.

తేమ 10 శాతం లోపుకు దిగాక, పొల్లు, పుల్లలు చెరిగి, శుభ్రమైన గోతాల్లో నింపాలి. గోతాలను నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చాలి. పురుగుమందు డబ్బాలు, ఎరువు బస్తాలున్న గదిలో వాము పెట్టొద్దు, ఆ వాసన పడుతుంది. ధర వస్తుందేమోనని ఏళ్ళ తరబడి దాచినా నష్టమే. గోతంలో బరువు పెద్దగా తగ్గినట్టు కనిపించకపోవచ్చు, ఘాటు మాత్రం తగ్గుతూ పోతుంది.

పరీక్ష సులువు. చిటికెడు గింజలు అరచేతిలో నలిపి వాసన చూడండి, నాలుగు గింజలు నమలండి. ముక్కుకు సర్రున ఎక్కి, నాలుక కొస తిమ్మిరెక్కితే నూనె ఉన్నట్టు. మార్కెట్ యార్డులో వ్యాపారి కుప్పలో చెయ్యిపెట్టి చేసేదీ ఇదే పరీక్ష. నాలుకను తిమ్మిరెక్కించే ఆ గుణమే నడుం నొప్పినీ తగ్గించేది.

బూడిద తెగులు, పేనుబంక కనిపిస్తే మందు కొట్టక తప్పదు. కానీ గింజ గట్టిపడ్డాక, కోత దగ్గర పడ్డాక కొట్టొద్దు. వాము ఉగ్గులోకి, బాలింత పథ్యంలోకి పోయే దినుసు. మన ఇంట్లో కూడా అదే వాము వాడుతున్నాం.

నూనె తీసే బాయిలరు పెడితే?

‘క్వింటా గింజ అమ్మితే వేలల్లో, నూనె తీసి అమ్మితే లక్షల్లో’ అంటూ యంత్రాలు అంటగట్టే ఏజెంట్లు ఊళ్ళకు వస్తుంటారు. సంతకం పెట్టేముందు ఈ లెక్క వేసుకోండి.

క్వింటా వాము ధర 15,000 రూపాయలు అనుకుందాం. నూనె 3 శాతం దిగుబడి వచ్చిందనుకుందాం. అంటే 3 కిలోలు. ఆ నూనె కిలో 5,000 రూపాయలకు అమ్మితే గింజ ఖరీదు మాత్రమే చేతికొస్తుంది. కట్టెలు, నీళ్ళు, కూలి, యంత్రం మీద వడ్డీ, సీసాలు, రవాణా ఇవన్నీ దాని పైన. కొనేవాడు థైమాల్ శాతం ఎంతో పరీక్ష కాగితం అడుగుతాడు. ఆ కాగితం లేకపోతే ధర తెగ్గోస్తాడు. మీ ఊళ్ళో ఆ రోజు ధర వేసి, కొనేవాడి పేరు, ధర కాగితం మీద రాయించుకున్నాకే ముందుకు అడుగు వేయాలి.

దీనికి పాత గుణపాఠం ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడల్లో జర్మనీకి పోయేది. అక్కడ థైమాల్ తీసి, గాయాలు కడిగే మందుగా, కొంకిపురుగుల మందుగా అమ్మేవారు. 1914లో యుద్ధం రాగానే ఆ వ్యాపారం తెగింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో రసాయనాలతో థైమాల్ చౌకగా తయారుచేయడం వచ్చింది. ఇవాళ ప్రపంచంలో వాడే థైమాల్‌లో చాలా భాగం గింజ నుంచి రావడం లేదు. కాబట్టి థైమాల్ కోసం మంచి గింజను ఉడకబెట్టడం ఒంటరి రైతుకు గిట్టుబాటు కావడం కష్టం. వంటింటి దినుసుగా, ఆయుర్వేద ముడిసరుకుగా వాముకున్న గిరాకీయే మన బలం.

జల్లెడలో మిగిలిన నూక, విరిగిన గింజలు, తక్కువ ధర పలికే సరుకు ఉన్నచోట పదిమంది రైతులు సంఘంగా కలిస్తే నూనె సంగతి ఆలోచించవచ్చు. ముందుగా హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లోని సీమ్యాప్ కేంద్రంలో విచారించాలి. సుగంధ తైలాల పంటల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది.

ఈసారి కల్లం ఎత్తేటప్పుడు

రైతు సోదరులు, అక్కచెల్లెళ్ళు ఈసారి వాము కల్లం ఎత్తేటప్పుడు పంటంతా తూకానికి వేసేయకుండా రెండు మూడు కిలోల మంచి గింజ ఇంటికి ఉంచుకోండి. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, చీకటి మూల పెట్టుకోండి. కలుపు రోజుల్లో నడుం పట్టేసినప్పుడు, మోకాళ్ళు లాగినప్పుడు ముందు తైలం రాసి, మర్దన చేసి, ఓ రాత్రి విశ్రాంతి ఇచ్చి చూడండి. తగ్గితే ఒక బిళ్ళ మిగిలినట్టే. వారం దాటినా తగ్గకపోతే, రోజూ తిరగబెడుతుంటే అది వాముతో తేలే నొప్పి కాదు. అప్పుడు అంగడి బిళ్ళతో సరిపెట్టుకోకుండా ప్రభుత్వాసుపత్రికి పోయి చూపించుకోండి.